ఫిరంగి చెవి మీద నా బొటనవేలు

మా ఫిరంగి దగ్గర ఆరుగురం పనిచేస్తాం. ఒకరు గొట్టం తుడుస్తారు, ఒకరు మందు సంచి అందిస్తారు, ఒకరు దట్టిస్తారు, ఒకరు నిప్పు పట్టుకుంటారు, ఒకరు ఆజ్ఞలిస్తారు. నేను బొటనవేలు పెడతాను.

ఫిరంగికి వెనకవైపు పైన పెన్సిల్ దూరేంత రంధ్రం ఉంటుంది. మేం దాన్ని చెవి అంటాం. నిప్పంటించేది అక్కడే. ముందున్న మనిషి గొట్టంలోకి తడిగుడ్డ కర్ర తోసినప్పుడు, తర్వాత మందు దట్టించినప్పుడు, ఆ చెవిని వెనకనున్న మనిషి బొటనవేలితో గట్టిగా మూసి ఉంచాలి. కిందటి దెబ్బ తాలూకు నిప్పురవ్వ లోపల ఎక్కడో మిగిలి ఉండొచ్చు. చెవి తెరిచి ఉంటే గాలి ఆడి రవ్వ రాజుకుంటుంది. సరిగ్గా అప్పుడే కొత్త మందు లోపలికి వెళ్తుంటే, కర్ర పట్టుకున్నవాడి చెయ్యి ఉండదు. గొట్టం వేడెక్కి ఉంటుంది కాబట్టి వేలికి తోలు తొడుగు వేసుకోవాలి. పైకి చూస్తే ఏ పనీ చెయ్యకుండా నిలబడ్డట్టు ఉంటాను. ఎదుటివాడి రెండు చేతులూ మాత్రం నా వేలి కింద ఉంటాయి.

మాది నిజంగా పేలే ఫిరంగి కాదని మొదటే చెప్పాలి. మన దేశంలో పేలుడు మందు ఎవరు పడితే వాళ్ళు దగ్గర పెట్టుకోకూడదు, గుండు పేల్చగలిగే గొట్టం తయారు చెయ్యకూడదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 1959 నాటి ఆయుధాల చట్టం రెండూ ఉన్నాయి. అందుకని మాది చెక్క మీద రేకు తొడిగిన గొట్టం. మూతి నుంచి కొంత లోపలికి వెళ్ళాక గట్టిగా మూసేసి ఉంటుంది. పొగ కోసం పెళ్ళిళ్ళలో డీజే వాళ్ళు వాడే పొగ యంత్రం, చప్పుడు కోసం లైసెన్సు ఉన్న బాణసంచా ఆయన. ఆయన మాకు 40 అడుగుల అవతల, ఇసుక బస్తాల వెనక కూర్చుంటారు. మేం నిప్పంటించినట్టు చూపించగానే ఆయన అక్కడ పేలుస్తారు. సరిగ్గా కుదిరితే, చూసేవాళ్ళకు మా గొట్టమే పేలినట్టు ఉంటుంది.

నేను విజయనగరం పక్క ఊళ్ళో సోషల్ మాస్టారిని. పిల్లలకు 1757 అంటే ప్లాసీ అని చెప్తాం. అదే ఏడాది జనవరి 24న మనకు 60 కిలోమీటర్ల లోపే బొబ్బిలి కోట కూలిందని మాత్రం మేం పాఠంలో చెప్పం. అది నాకు చాలాకాలంగా బాధగా ఉండేది. బుర్రకథల్లో విన్నాం, పాటల్లో విన్నాం, పాపారాయుడి పేరు చెప్తే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ రోజు కోట మీద పడిన ఫిరంగి ఎలా పనిచేసేది, దాని దగ్గర ఎంతమంది ఉండేవాళ్ళు, గోడ లోపలివాళ్ళకు ఎంత వ్యవధి దొరికేది అని ఏ పిల్లాడైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఈ పని అక్కడి నుంచి మొదలైంది. నాటకాలు వేసే ఇద్దరు మిత్రులు, ఒక వెల్డింగ్ షాపు కుర్రాడు, డిగ్రీ చదివే మా మేనల్లుడు కలిశారు. ఆరో మనిషిగా హవల్దారు గారు దొరికారు. అది మా అదృష్టం.

మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు లేని వీధి ఉండదు. ఆయన ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, 22 ఏళ్ళు చేశారు, దేవలాలీలో శిక్షణ పొందారు. మొదటి రోజు మా బొమ్మ గీతలు చూసి, "దీనికి రీకాయిల్ ఆపే ఏర్పాటు ఏదయ్యా?" అన్నారు. లేదండీ, ఆ కాలంలో ఉండేది కాదు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే పేలిన ప్రతిసారీ బండి మొత్తం వెనక్కి తన్నుతుంది. ప్రతిసారీ మళ్ళీ ముందుకు తొయ్యాలి, మళ్ళీ గురి చూడాలి. జనానికి చూపించాల్సింది అదే" అన్నారు. గొట్టం మాత్రమే వెనక్కి జారి, బండి కదలకుండా నిలబడే ఫిరంగి 1897లో ఫ్రాన్స్‌లో వచ్చింది. అంతకుముందు మైదానంలో వాడే ఫిరంగులు దాదాపు అన్నీ ఇంతే. మా గొట్టంలో మందు లేదు కాబట్టి అది తన్నదు. అందుకని ఇరుసుకు తాడు కట్టి, చప్పుడు వినగానే ఇద్దరం నాలుగడుగులు వెనక్కి లాగుతాం. ఆ తర్వాత ఆరుగురం భుజాలు పెట్టి ముందుకు తోస్తాం. మూడోసారి తోసేసరికి చొక్కా తడిసిపోతుంది.

చక్రాలు చేయించడానికి వడ్రంగి తాత కోసం మూడు ఊళ్ళు తిరిగాం. ఇప్పుడు బళ్ళకు రబ్బరు టైర్లే. ఆకులు (చక్రం నడిమి నుంచి అంచు దాకా ఉండే కర్రలు) దిగ్గొట్టి పూటీలు (చక్రం అంచు ముక్కలు) కలిపే చెయ్యి తిరిగినవాళ్ళు తక్కువ. దొరికిన తాతకు 70 దాటాయి. నల్లతుమ్మ తప్ప వేరే కర్ర ముట్టనన్నారు. మా కొలతలు చూసి, "బండి సెక్రం బరువు మొయ్యాల. ఇది బరువూ మొయ్యాల, యెనక్కీ తన్నాల. ఆకులు ఇంకా లావుండాల బాబూ" అన్నారు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదాన్ని ఆయన కర్ర చూసి చెప్పేశారు. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోశారు. పట్టా ముడుచుకుంటూ పూటీల్ని బిగించేటప్పుడు కర్ర కిర్రుమని మూలిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మొత్తం 62 వేలు అయింది. అందులో సగానికి పైగా చక్రాలకే.

గొట్టం 6 పౌండ్ల ఫిరంగి కొలతలో చేశాం. 6 పౌండ్లంటే గుండు బరువు. దగ్గర దగ్గర 2 కిలోల 700 గ్రాముల ఇనుప ఉండ, మూడున్నర అంగుళాల అడ్డుకొలత. చేతిలో పట్టుకుంటే పెద్ద బత్తాయిలా ఉంటుంది. సినిమాల్లో ఫిరంగి గుండు పడిన చోటల్లా మంటలు లేస్తాయి. ఈ గుండు అలా పేలదు. గట్టి ఇనుప ముద్ద. గోడకు తగిలితే గోడను పగలగొడుతుంది, నేల మీద పడితే బంతిలా ఎగిరి, దొర్లుకుంటూ దారిలో ఉన్న కాళ్ళను తీసుకుపోతుంది. అందుకే ప్రదర్శనలో నేను పిల్లల చేతికి అదే బరువున్న ఇనుప ఉండ ఇస్తాను. చేతిలో పడగానే వాళ్ళ ముఖం మారుతుంది. అక్కడి నుంచి నేను చెప్పేది వాళ్ళు వేరేగా వింటారు.

డ్రిల్లు నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇంగ్లీషు వాళ్ళ ఆజ్ఞలు ఉన్నాయి కానీ, మన జనం ముందు మన మాటే ఉండాలనుకున్నాం. "గీకు. తడుపు. మందు పెట్టు. దట్టించు. గుచ్చు. రంజకం. నిప్పు." ఇవీ మా ఏడు మాటలు. గీకు అంటే మెలి తిరిగిన ఇనుప కొక్కెం ఉన్న కర్రతో లోపల మిగిలిన గుడ్డ పీలికల్ని లాగెయ్యడం. తడుపు అంటే తడి ఉన్ని చుట్టిన కర్ర అడుగుదాకా తోసి తిప్పడం. గుచ్చు అన్నప్పుడు నేను వేలు తీసి, చెవిలోంచి సన్నని ఊచ దించి లోపలి మందు సంచిని పొడుస్తాను. రంజకం అంటే చెవిలో పోసే సన్న మందు. మా దాంట్లో అది బొగ్గుపొడి మాత్రమే. ఫిరంగి పేల్చేవాణ్ణి మన పాతవాళ్ళు గోలందాజు అనేవాళ్ళు. ఆ మాట మళ్ళీ నోట పలకడం నాకు ఇష్టం.

కర్ర పట్టుకునే తీరు ఒకటి హవల్దారు గారు పదే పదే దిద్దారు. దట్టించేవాడు బొటనవేలు కర్ర చుట్టూ బిగించి పట్టుకోకూడదు. అయిదు వేళ్ళూ ఒకే వైపు ఉండాలి. పొరపాటున లోపల పేలితే కర్ర చేతిలోంచి జారిపోవాలి, చేతిని వెంట తీసుకుపోకూడదు. అలాగే గొట్టం మూతికి ఎదురుగా నిలబడకూడదు, పక్కనుంచి చేతులు మాత్రమే చాపాలి. మాది రేకు గొట్టమే కదా, ఇవన్నీ ఎందుకని మా మేనల్లుడు ఒకరోజు అన్నాడు. ఆయన కోప్పడలేదు. "పేలేదాని ముందు నిలబడ్డవాడి భయం నీ ఒంట్లో కనబడాలి. లేకపోతే ఇది బొమ్మలకొలువు" అన్నారు. ఆ తర్వాత వాడు ఇంకెప్పుడూ అడగలేదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్తాను. పోలీసులకు ఒక కాగితం, అగ్నిమాపక శాఖకు ఒకటి, రెవెన్యూకు ఒకటి, మైదానం ఎవరిదైతే వాళ్ళకు ఒకటి. ఒక ఆఫీసులో మా ఫైలు 40 రోజులు కదల్లేదు. ఫిరంగి అన్న మాట చూసి ఎవరూ సంతకం పెట్టడానికి ముందుకు రాలేదు. చివరికి చిన్న ట్రక్కులో ఫిరంగినే ఆఫీసు ముందుకు తీసుకెళ్ళి, గొట్టంలో టార్చి వేసి మూత చూపించాం. గంటలో సంతకం అయింది. మా తర్వాత ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే వాళ్ళకు నా సలహా ఇదే. కాగితంతోపాటు వస్తువును చూపించండి.

మొదటి ప్రదర్శన జనవరి 24నే పెట్టుకున్నాం, బొబ్బిలి దగ్గర ఒక హైస్కూలు మైదానంలో. నాలుగైదు వందల మంది వచ్చారు. బుస్సీ ఫ్రెంచి సేనతో వచ్చాడని, విజయనగరం పూసపాటి విజయరామరాజు అతనికి తోడున్నాడని, బొబ్బిలి రంగారావు కోట వదిలి వేరే చోటికి పోవడానికి ఒప్పుకోలేదని మైకులో చెప్పాం. మూడుసార్లు పేల్చాం. మూడు సార్లూ బ్రహ్మాండంగా కుదిరింది. పొగ, చప్పుడు, బండి వెనక్కి తన్నడం, అన్నీ. పిల్లలు ఎగిరి ఎగిరి చప్పట్లు కొట్టారు. మా వెల్డింగ్ కుర్రాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ అంతే.

ఫిరంగిని ట్రక్కు ఎక్కిస్తుంటే ఒక ముసలమ్మ వచ్చింది. చక్రాన్ని చేత్తో నిమిరింది. "బాగా సేసినారు బాబూ" అంది. కాసేపు ఆగి, "మీరు పేల్సినప్పుడల్లా గుంటలు సప్పట్లు కొడతన్నారు. ఆ గుండొచ్చి పడింది మా మీదే గదా" అంది. కోపంగా అనలేదు. చెప్పి వెళ్ళిపోయింది.

విజయనగరం చేరేదాకా ట్రక్కులో ఎవరం మాట్లాడలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ రోజు బొబ్బిలి మీద గురిపెట్టిన ఫిరంగులు ఫ్రెంచివాళ్ళవి. మేం వేసుకున్న వేషం ఆ ఫిరంగి సిపాయిలది. బొబ్బిలి కోట మట్టికోట. తెల్లవారగానే ఫిరంగులు మొదలుపెడితే, 9 గంటలకల్లా బురుజుల పైభాగాలు పగిలాయని ఆనాటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. ఆ తర్వాత నిచ్చెనలు వేసి ఎక్కబోయినవాళ్ళను లోపలివాళ్ళు మళ్ళీ మళ్ళీ తోసేశారు. ఇక నిలవదని తెలిశాక తమ ఆడవాళ్ళను, పిల్లలను తమ చేతులతోనే చంపి, ఇళ్ళకు నిప్పు పెట్టుకున్నారు. రంగారావు కొడుకు, పసివాడు, బతికి బయటపడ్డాడు. ఇంత జరిగిన చోట, ఆ ఊరి పిల్లల చేత ఫిరంగికి చప్పట్లు కొట్టించాను. నేను పాఠం చెప్పేవాణ్ణి. ఆ పాఠంలో నేను ఫిరంగి వెనక నిలబడి చెప్పాను, గోడ వెనకకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రదర్శనలు ఒప్పుకోలేదు. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో కూర్చుని చాలా వాదించుకున్నాం. వేషాలు మార్చేద్దాం, పాపారాయుడి వైపే చూపిద్దాం అని నాటకాల మిత్రుడు అన్నాడు. కానీ తాండ్ర పాపారాయుడు ఆ రోజు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. మూడు రాత్రుల తర్వాత వచ్చి విజయరామరాజును గుడారంలో పొడిచాడు. ఆ కథలో ఫిరంగికి చోటు లేదు. హవల్దారు గారు ఇంకో దారి చెప్పారు. "గోడ కట్టండి" అన్నారు. అంతే, గోడ కట్టాం. మట్టి, గడ్డి కలిపి తొక్కి, మూడు అడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, చెక్క పలకల మీద. తీసుకెళ్ళడానికి వీలుగా మూడు ముక్కలు. ఫిరంగికి 60 అడుగుల దూరంలో పెడతాం. జనంలోంచి పదిమందిని పిలిచి ఆ గోడ వెనక కూర్చోబెడతాం. ఫిరంగిని వాళ్ళు అక్కడి నుంచి చూస్తారు. ఆజ్ఞలు ఒక్కొక్కటే వినబడుతుంటాయి. గీకు. తడుపు. మందు పెట్టు. నిప్పు అనే మాట వచ్చేదాకా దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషం గోడ వెనక చాలా పొడుగ్గా ఉంటుంది. నేనూ ఒకసారి కూర్చుని చూశాను.

ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ళలో చిన్న చిన్న ప్రదర్శనలు చేశాం. ఎండకు చక్రాల కర్ర ఎండి ఆకులు వదులయ్యాయి. రాత్రిళ్ళు తడి గోనెపట్టాలు చుట్టి ఉంచమని వడ్రంగి తాత ఫోన్లో చెప్పారు. అలాగే చేశాం, మళ్ళీ బిగుసుకున్నాయి. జూన్‌లో ఒక పెళ్ళి ఊరేగింపుకు ఫిరంగి కావాలని అడిగారు, మంచి డబ్బు ఇస్తామన్నారు. వద్దనుకున్నాం.

జూలై 10న పద్మనాభం వెళ్ళాం. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. 1794లో అదే రోజున అక్కడ ఇంగ్లీషు కంపెనీ సేన చేతిలో విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయారు. ఆయన సమాధి అక్కడే ఉంది. కంపెనీ వాళ్ళు కప్పం బకాయి అడిగారు, రాజ్యం వదిలి పొమ్మన్నారు, ఆయన పోలేదు. తెల్లవారుజామున మొదలైన యుద్ధం గంటలోపే ముగిసింది. ఆ రోజు మేం ప్రదర్శనకు ముందు సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాం. నా మనసులో లెక్క ఒకటే తిరుగుతోంది. 1757లో విజయనగరం వాళ్ళు ఫ్రెంచి ఫిరంగిని బొబ్బిలి మీదికి తెచ్చుకున్నారు. 1758లో, విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టడానికి ఇంగ్లీషువాళ్ళను పిలిచారు, డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కలిసి గెలిచారు. బొబ్బిలి కూలిన 37 ఏళ్ళకు ఆ ఇంగ్లీషువాళ్ళే పద్మనాభంలో ఎదురు నిలబడ్డారు. రంగారావును కోట వదిలి పొమ్మన్నారు, చిన విజయరామరాజునూ పొమ్మన్నారు. ఇద్దరూ పోలేదు. మాది విజయనగరం. చిన్నప్పటి నుంచి బొబ్బిలివాళ్ళు మనవాళ్ళు కారన్నట్టు విన్న మాటలు ఉన్నాయి. ఆ సమాధి దగ్గర ఆ మాటలకు అర్థం కనబడలేదు. నేను ఆ రోజు మైకులో రెండు కోటల కథా కలిపి చెప్పాను. వాన మొదలైంది. పొగ యంత్రం తడిసి ఆగిపోయింది. అయినా జనం గొడుగులు వేసుకుని ఉండిపోయారు.

ఆగస్టు 15న జరిగింది చెప్పడానికి ఇప్పటికీ కష్టంగా ఉంది. ఒక స్కూల్లో జెండా వందనం తర్వాత ప్రదర్శన. ఉక్కపోత. అప్పటిదాకా బాణసంచా ఆయనకు సైగ నేనే ఇచ్చేవాణ్ణి, కుడిచెయ్యి పైకెత్తి. దట్టించు అనే ఆజ్ఞ పడింది, మిత్రుడు కర్ర లోపలికి తోస్తున్నాడు. నుదుటి మీద చెమట కంట్లోకి దిగింది. ఎడమ బొటనవేలు చెవి మీద ఉంచి, కుడిచేత్తో చెమట తుడుచుకున్నాను. అవతల ఆయన అది సైగ అనుకున్నారు. ఢామ్మంది. మిత్రుడు కర్ర వదిలేసి పక్కకు పడ్డాడు. దెబ్బ ఏమీ లేదు, పేలింది 40 అడుగుల అవతల. ఆటలో అదీ భాగమని పిల్లలు అనుకున్నారు. మాకు మాత్రం కాళ్ళు వణికాయి. అది నిజమైన ఫిరంగి అయి ఉంటే ఆ క్షణంలో అతని చేతులు గొట్టం మూతి దగ్గర ఉన్నాయి.

తప్పు నాది. ఆ రాత్రి అతని ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని, "వేలు తియ్యలేదు కదా మాస్టారూ" అన్నాడు. నిజమే, చెవి మీద వేలు తియ్యలేదు. కానీ సైగ చేతిని ఆరుగురి ప్రాణాల్లా చూసుకోవాలన్నది మర్చిపోయాను. మర్నాడే పద్ధతి మార్చాం. ఇప్పుడు సైగ నా పని కాదు, హవల్దారు గారిది. ఎర్రజెండా ఎత్తి ఉన్నంతసేపూ అగ్గిపెట్టె ముట్టకూడదు. ఎర్రది దించి, పచ్చది ఎత్తి, "నిప్పు" అన్న మాట వినబడ్డాకే పేల్చాలి. చూపు, మాట రెండూ కలవాలి. ఒక్కటి తక్కువైనా పేలదు. అప్పటి నుంచి 11 ప్రదర్శనలు చేశాం, ఒక్కసారి కూడా తప్పలేదు.

అక్టోబరులో మా ఊరి పండగ. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారిని పైన కూర్చోబెట్టిన పొడవైన మాను, తిరుగుతుంది. ముందురోజు సోమవారం తొలేళ్ళు, అంటే పండగ మొదటి రోజు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా చీమ దూరే సందు ఉండదు. అక్కడ ఫిరంగి పెడతామంటే పోలీసులు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరైనది. పండగకు ముందు శనివారం సాయంత్రం, ఊరి చివర ఒక మైదానంలో చేశాం.

ఆ సాయంత్రం కోసం నేను నెల రోజులు తయారయ్యాను. పైడితల్లమ్మగా కొలిచే పైడిమాంబ, బొబ్బిలి మీదికి వెళ్ళిన విజయరామరాజుకు చెల్లెలని మనం చెప్పుకునే కథ. యుద్ధం వద్దని అన్నను బతిమాలిందట. వినలేదు. అన్న చనిపోయాడని తెలిసి పెద్దచెరువు దగ్గర ప్రాణం విడిచిందట. ఆ చెరువులోంచే అమ్మవారి విగ్రహం పైకి వచ్చిందని నమ్మకం. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని సిరిమాను చూసినప్పటి నుంచి ఈ కథ తెలుసు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు: మనం ఏటా లక్షలమంది మొక్కేది ఆ యుద్ధం గెలిచిన అన్నకు కాదు, వద్దన్న చెల్లెలికి. ఆ మాట మైకులో చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. ప్రదర్శన మొదట్లో మా నాటకాల మిత్రుడి భార్య ఫిరంగికీ గోడకూ మధ్య నడిచి వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడింది. హవల్దారు గారు ఎర్రజెండా ఎత్తి, ఆమె పక్కకు వెళ్ళేదాకా దించలేదు. ఆమె వెళ్ళాక ఒక్కసారే పేల్చాం. చప్పట్లు పడలేదు. కొందరు ఆడవాళ్ళు చేతులు జోడించారు.

నవంబరు తుపాన్ల వల్ల ఖాళీ. డిసెంబరులో రెండు కాలేజీల్లో చేశాం. ఫిరంగి తోసి తోసి హవల్దారు గారికి నడుం పట్టేసింది. ఆయన బదులు తొయ్యడానికి ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు చేరారు.

మళ్ళీ జనవరి 24 వచ్చింది. బొబ్బిలి వెళ్ళాలా వద్దా అని నాకు టెన్షన్. అందరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. వెళ్దాం, కానీ ఆ ఊళ్ళో ఆ రోజున పేల్చకూడదు. డ్రిల్లు మొత్తం చేస్తాం, చప్పుడు ఉండదు, పొగ ఉండదు. నిప్పు అన్నాక కర్ర చెవి దాకా తెచ్చి ఆపేస్తాం. బాణసంచా ఆయనను తీసుకెళ్ళలేదు, ఆ అనుమతికి దరఖాస్తు కూడా పెట్టలేదు. అదే మైదానం. పోయినసారి కంటే జనం ఎక్కువ. గోడ వెనక కూర్చోవడానికి పిల్లలు పోటీపడ్డారు. ఏడు ఆజ్ఞలూ అయ్యాయి. నిప్పు కర్ర చెవికి జానెడు దూరంలో ఆగింది. మైదానం నిశ్శబ్దంగా ఉంది. మేం ఆరుగురం తలపాగాలు తీసి నిలబడ్డాం. మేం అనుకున్నట్టే జరిగింది.

అయ్యాక గోడ ముక్కలు విప్పుతుంటే ఆ ముసలమ్మ కనబడింది. గోడ వెనక, పిల్లల పక్కన, అప్పటిదాకా కూర్చునే ఉందట. నేను వెళ్ళి నమస్కారం పెట్టి, పోయిన ఏడాది మీరు అన్న మాట మర్చిపోలేదమ్మా, అందుకే ఇవాళ పేల్చలేదు అన్నాను.

ఆమె నా వైపు చూసి, "నాను పేల్సొద్దన్నానా?" అంది. "సప్పట్లు కొట్టొద్దన్నాను. మా తాతల మీద పడిన సప్పుడు ఎలగుంటాదో ఇనాలని గోడ యెనక్కొచ్చి కూకున్నాను. ఇనిపించనే లేదు."

ఏం చెప్పాలో తోచలేదు. బాణసంచా ఆయన లేరు, అనుమతి లేదు. వచ్చే ఏడాది తప్పకుండా వినిపిస్తామమ్మా అన్నాను. "అప్పటిదాకా నానుండాల గదా" అని లేచి, మట్టి గోడ మీద చెయ్యి ఆన్చి, అక్కడి నుంచి ఫిరంగి వైపు ఒకసారి చూసింది.

వచ్చే జనవరి దాకా ఆగదలుచుకోలేదు. ఆ వారంలోనే దరఖాస్తు రాశాను. బొబ్బిలి, ఒకే ఒక్కసారి పేల్చడానికి, తేదీ ఉగాది తర్వాతి ఆదివారం. ఈసారి కూడా ఫిరంగిని ఆఫీసు ముందుకు తీసుకెళ్తాం. ఎడమ చక్రంలో రెండు ఆకులు మళ్ళీ వదులయ్యాయి, దానికంటే ముందు వడ్రంగి తాత దగ్గరికి వెళ్ళాలి.